కంపాస్ బాక్సులో మెట్టెలు

సముద్రం ఒడ్డున ఉప్పలరేవు అనే పల్లెలో నూకరత్నం అని ఒక చిన్నవయసు తల్లి ఉండేది. తన సంగతి ఏదీ ఎవరికీ తెలియకూడదనేది ఆమె జబ్బు.

పదో తరగతి మధ్యలో పెళ్ళి చేసి ఆమె పుస్తకాలను అటకెక్కించారు. ఇరవయ్యేళ్ళకు చంకలో కూతురు హర్షిత. భర్త దానయ్య ఏడాదిలో ఎక్కువ భాగం గుజరాత్‌లోని వీరావల్‌లో బోట్ల మీద వేటకు వెళ్ళేవాడు. అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు.

"తిన్నావా?"

"తిన్నాను."

"పాప?"

"పడుకుంది."

అంతే, సిగ్నల్ పోయేది. ఇక మాట్లాడడానికి గోడ మిగిలేది. గోడ మంచిదే. విన్నది ఇంకొకరికి మోయదు.

మండలం హైస్కూల్లో ఆదివారాలు ఓపెన్ స్కూల్ తరగతులు పెడుతున్నారని విని నూకరత్నం పదో తరగతికి పేరు రాయించుకుంది. అక్కడంతా మీసం మొలవని కుర్రాళ్ళు, రెండు జడల పిల్లలు. మొదటి రోజే నల్లపూసలతో వచ్చిన ఒకావిడను చూసి, "ఆంటీ, పిల్లల్ని చేర్చాలంటే ఆఫీసు రూం అటు!" అని వెనక బెంచీ పగలబడి నవ్వింది. ఆవిడ మళ్ళీ రాలేదు. నూకరత్నం మెల్లగా కాళ్ళు బెంచీ కిందికి లాక్కుంది.

ఆ తరువాతి వారం నుంచి బడి గేటు ముందు ఆగి, పుస్తెలతాడు జాకెట్టులోకి తోసి, మెట్టెలు తీసి కంపాస్ బాక్సులో వేసుకునేది. మొగుడు సముద్రం మీద ఉండగా మెట్టెలు తీయకూడదని ఆమెకు తెలుసు. అందుకే తీసిన ప్రతిసారీ సముద్రం వైపు తిరిగి దణ్ణం పెట్టుకునేది.

ఊళ్ళో ఇంకో అబద్ధం. పాపను పక్కింటి గున్నమ్మకు అప్పజెప్పి, "కుట్టుమిషను నేర్చుకోవడానికి పోతున్నాను పిన్నీ" అనేది. బిడ్డతల్లికి చదువేమిటని రేవంతా నవ్వుతుందని భయం. అలా ఊళ్ళో చదువును దాచింది, బళ్ళో బిడ్డను దాచింది. రెండు చోట్లా సగం మనిషే. సగం మనిషితో స్నేహం ఎవరు చేస్తారు? మధ్యాహ్నం అందరూ కలిసి క్యారియర్లు విప్పుకుంటే, ఇంట్లో ఎవరెవరుంటారని అడుగుతారేమోనని ఆమె కుళాయి వెనక ఒక్కతే నిలబడి తినేది.

అక్కడ చదివేవాళ్ళకు తలా ఒక తోడు మనిషిని ఇచ్చారు. మెంటర్ అంటారు. నూకరత్నానికి వచ్చిన మెంటర్ సరోజిని పోస్టాఫీసులో పనిచేసేది. మనసు మెత్తన, నోరు కత్తి. ఒకరోజు లెక్కలు చెబుతుండగా నూకరత్నం వృత్తలేఖిని తీయబోయింది. మెట్టెలు టంగుమని నేల మీద పడ్డాయి.

"ఎవరివి?" అంది సరోజిని.

"మా అమ్మవి మేడం."

సరోజిని ఆమె పాదాల వైపు చూసింది. వేళ్ళ మీద తెల్లటి చారలు.

"మీ అమ్మ మెట్టెలు పెట్టుకుంటే మచ్చ నీ వేలికి పడిందా? సరేలే. చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం. ఇబ్బంది వస్తే మాత్రం ఫోన్ చెయ్యి. నన్నిక్కడ పెట్టింది బొమ్మలకొలువుకి కాదు."

"నాకేం ఇబ్బంది మేడం?" అంది నూకరత్నం.

లెక్కల పరీక్ష రోజు వచ్చింది. పాపను ఎత్తుకుని నూకరత్నం గున్నమ్మ గుమ్మంలోకి వెళ్ళేసరికి రేవులో కేక వినిపించింది. "నెత్తళ్ళు పడ్డాయి!" నెత్తళ్ళు పడితే ఉప్పలరేవులో ఆడవాళ్ళెవరూ ఇంట్లో ఉండరు. వెంటనే ఇసుక మీద ఆరబెట్టకపోతే ఆ చిన్న చేప చెడిపోతుంది. గున్నమ్మ అప్పటికే గంప నెత్తిన పెట్టుకుంది.

"పిన్నీ, ఈ ఒక్కరోజు..."

"ఓలమ్మో, నెత్తళ్ళు ఆగుతాయేటే? నీ జాకెట్టు రేపు కుట్టుకో!"

పరీక్ష అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నాళ్ళ అబద్ధం దానికి అడ్డం పడింది. గున్నమ్మ వెళ్ళిపోయింది.

పరీక్ష హాల్లోకి పాపను రానివ్వరు. బయట ఎత్తుకునే మనిషి కావాలి. నూకరత్నం ఫోన్ తీసి సరోజిని నంబరు చూసింది. నెలల తరబడి దాచిన బిడ్డను ఇప్పుడు ఏ ముఖంతో బయటపెట్టాలి? ఫోన్ పక్కన పెట్టేసింది. ఆటో వచ్చి హారన్ కొట్టి కొట్టి పోయింది. వీధిలో ఒక్క మనిషి లేదు. పాప కంపాస్ బాక్సును గలగలా ఆడిస్తూ నవ్వుతోంది. తల్లి గుమ్మంలో అలాగే కూర్చుండిపోయింది.

సాయంత్రం సరోజిని వెతుక్కుంటూ వచ్చింది. పాపను చూసింది. "అవి మీ అమ్మ మెట్టెలు. మరి ఈవిడెవరు, మీ అమ్మమ్మా?"

నూకరత్నం భోరుమంది. ఎదుటి మనిషి ముందు ఆమె అలా ఏడ్చి ఎన్నేళ్ళయిందో!

అప్పుడే చేతుల నిండా పొలుసులతో గున్నమ్మ వచ్చింది. సంగతి విని నెత్తి కొట్టుకుంది. "పరీచ్చని చెప్తే నెత్తళ్ళు కాదు, తిమింగలం పడ్డా కదిలేదాన్ని కాదే! కుట్టుమిషనన్నావు. నాకేటి తెలుసు?"

"నవ్వుతారని పిన్నీ..."

"నవ్వితే వాళ్ళ పళ్ళు బయటపడతాయి," అంది సరోజిని. "నీకు పోయింది పరీక్ష."

మిగతా పరీక్షలన్నీ గట్టెక్కాయి. లెక్కలు మాత్రం మళ్ళీ రాయాల్సి వచ్చింది. ఈసారి నూకరత్నం కాలికి మెట్టెలతో, చంకలో పాపతో తరగతిలోకి వెళ్ళింది.

"ఆంటీ వచ్చిందిరోయ్!" అన్నారు వెనక బెంచీలో.

"అవును, ఆంటీనే. కొంచెం జరుగు బాబూ, ఇద్దరం కూర్చోవాలి," అంది ఆమె.

ఆ కుర్రాడు పుస్తకాలు తీసుకుని పక్కకు జరిగాడు. చాలా వారాలు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. కానీ కుళాయి వెనక్కి మాత్రం ఆమె మళ్ళీ వెళ్ళలేదు.

పరీక్ష రోజు గున్నమ్మ గంప ఇంట్లో బోర్లించి వచ్చి, హైస్కూలు వరండాలో పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కనే సరోజిని పాలసీసాతో నిలబడింది. లోపలికి పాప ఏడుపు వినిపించింది. ఆ వెనకే గున్నమ్మ బొంగురు గొంతు, "ఓలోలో నా తల్లి!" అంది. నూకరత్నం పెన్ను ఆగలేదు. లెక్క పూర్తి చేసింది.

చెప్పని కష్టానికి తోడు రాదు. ఊరు నవ్వుతుందని నోరు కట్టుకుంటే ఆదుకునే చేయి కూడా దూరమవుతుంది.