ముక్కు చదివిన కొండముచ్చు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ముక్కు లేని జంతువు లేదు, ముక్కు గురించి చదువుకున్న జంతువూ లేదు. ఆ లోటు తీర్చడానికి పట్నం నుంచి ఒక కొండముచ్చు వచ్చాడు. అతని పేరు వాగీశం.

వాగీశం మూడేళ్లు ఒక వైద్య కళాశాల కిటికీ మీద కూర్చుని పాఠాలు విన్నాడు. వస్తూ వస్తూ గోడకు వేలాడే మనిషి ముక్కు పటం ఒకటి చంకన పెట్టుకొచ్చాడు. దొంగతనమే గాని, చదువుకున్నవాడు చేస్తే ఎవరూ అలా అనరు కదా.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. సాయంత్రం అందరూ కలిసి వాగుకు నీళ్లకు పోతారు. అందరికన్నా ముందు ఒకరు గాలి పీలుస్తూ నడుస్తారు. పులి వాసన తగిలితే ఆగిపోతారు, వెనకవాళ్లంతా ఆగిపోతారు. ఎన్నో ఏళ్లుగా ఆ పని ముసలి అడవిపంది గవరమ్మది. ఆమె ముందు నడిచినన్నాళ్లూ ఒక్క పిల్ల కూడా పులి నోట పడలేదు. అయినా ఆమెను మెచ్చుకున్నవాళ్లు లేరు. ఒళ్లంతా బురద, మూతి నిండా మట్టి. పెరటి చెట్టు మందుకు పనికిరాదు మరి.

వాగీశం పటాన్ని చెట్టుకు తగిలించి పాఠం మొదలుపెట్టాడు.

"ముక్కు పైభాగం ఎముక. కొస మెత్తటి మృదులాస్థి. మధ్యలో అడ్డుగోడ. లోపల ఒక్కో పక్కన మూడేసి మెలిక ఎముకలు. పైకప్పు జల్లెడలా ఉంటుంది. ఆ జల్లెడ చిల్లుల్లోంచి మొదటి నాడి పోగులు దిగుతాయి. వాసన చెప్పేది అదే. మంట, ఘాటు, నొప్పి చెప్పేది ఐదో నాడి."

అందరూ తలలూపారు. పాఠం విన్నది మాత్రం గవరమ్మ ఒక్కతే.

ఏనుగు తాత మొహమాటపడుతూ అడిగాడు. "బాబూ, నా ముక్కు ఈ పటంలో ఎక్కడుంది?"

"మీది పటంలో లేదు తాతా. అంటే అది ముక్కు కాదు" అన్నాడు వాగీశం.

పాపం, ఏనుగు తాత ఆ పూటంతా తొండం కాళ్ల సందున దాచుకుని తిరిగాడు.

"ఇంత చదివినవాడు ఉండగా బురద మూతి వెనక నడవడం మనకు నామర్దా" అంది కుందేలు. అందరూ ఔనన్నారు. అయినా పద్ధతి ప్రకారం వాగీశం ముక్కును పరీక్షించాలి. ఏం వాసన చూపించాలో వాగీశమే చెప్పాడు. కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

మొదట ఎండుమిరపకాయ పొగ పెట్టారు. "మిరప" అన్నాడు.

తర్వాత దంచిన ఆవాలు పెట్టారు. "ఆవ" అన్నాడు.

మూడోసారి కోసిన ఉల్లిపాయ పెట్టారు. "ఉల్లి" అన్నాడు.

అప్పుడు గవరమ్మ నెమ్మదిగా అంది. "ఇవన్నీ ఐదో నాడికి పెట్టిన పరీక్షలు గదా నాయనా. మొదటి నాడికి కూడా ఒకటి పెట్టండి. ఒక్క ఇప్పపువ్వు చూపించండి చాలు."

వాగీశం టక్కున కళ్లు తెరిచాడు. పట్నంలో పట్టిన పెద్ద రొంప అతని మొదటి నాడిని తినేసింది. రెండేళ్లుగా అతనికి పువ్వుకూ పేడకూ తేడా తెలియదు. ఆ సంగతి చెప్పేస్తే సరిపోయేది. కానీ ఎదురుగా అన్ని తలలు వంగి ఉంటే ఎవరికి చెప్పబుద్ధి వేస్తుంది?

"నేను చెప్పిన పాఠం నాకే అప్పజెబుతావా?" అన్నాడు వాగీశం. అందరూ పకపకా నవ్వారు. వాగీశాన్ని ముందు నిలబెట్టి గవరమ్మను వరుస చివరికి పంపేశారు.

రెండు రోజులు పులి రాలేదు. ఆ ఘనత కూడా వాగీశానిదే అన్నారు.

మూడో రోజు సాయంత్రం గాలి ఎదురుగా వీస్తోంది. వరుసలో వాగీశం వెనకే ఉన్న దుప్పి చుక్కాలు ఆగింది. ఆమె పక్కనే నెల తిరగని కూన ఉంది.

"నాకేదో పులి కంపులా తగిలింది" అంది.

"నువ్వేం చదివావని?" అంది కుందేలు. "ఆయనకు రాని వాసన నీకొచ్చిందా?"

చుక్కాలు వాగీశం వైపు చూసింది. వాగీశం ముక్కు ఎగబీల్చి, "ఏమీ లేదు, పదండి" అన్నాడు. నిజమే కాబోలు అనుకుని చుక్కాలు కూనను ముందుకు నడిపించింది.

చివర ఉన్న గవరమ్మకు అప్పుడు వాసన అందింది. "ఆగండి, పులి" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. అప్పటికే తుప్పల్లోంచి పులి దూకింది. అందరికన్నా ముందు చెట్టెక్కింది పండితుడే. పులి పంజా కూన వెనక కాలి మీద పడింది. గవరమ్మ వెళ్లి పులి డొక్కలో తన మూతితో కుమ్మింది. ఏనుగు తాత ఘీంకరిస్తూ వచ్చాడు. పులి వెళ్లిపోయింది. కూన బతికింది గాని, ఆ కాలు మళ్లీ నేలకు సరిగ్గా ఆనలేదు.

వాగీశం చెట్టు దిగి తల వంచుకున్నాడు. "నాకు రెండేళ్లుగా వాసన రాదు" అన్నాడు.

"వాసన రాకపోతే తప్పేముంది నాయనా?" అంది గవరమ్మ. "ఆ మాట నాకు చెప్పి ఉంటే నీ పక్కన నేను నడిచేదాన్ని. నీ చదువూ ఉండేది, కూన కాలూ ఉండేది."

అందరూ వాగీశాన్ని తిట్టడం మొదలుపెట్టారు. కుందేలు అందరికన్నా గట్టిగా తిట్టింది. గవరమ్మ వాళ్ల వైపు తిరిగింది.

"వాడికైతే నాడి చచ్చింది. మీకేమైంది?"

చుక్కాలు కూన కాలు నాకుతూ ఏడ్చింది. "నాకు వాసన వచ్చింది గవరమ్మా. వచ్చినా నడిపించాను" అంది.

నీతి: రానిది రాదని చెప్పడానికి పండితుడు సిగ్గుపడితే ఒక తప్పు; అతని పాండిత్యం చూసి నీకు తెలిసిన నిజాన్ని నువ్వు మింగేస్తే అంతకన్నా పెద్ద తప్పు.