చేటలమ్మ కొండ మీద "నా బిడ్డ" కేక

చేటకొండ ఎక్కే కొత్త భక్తులకు సగం దారిలోనే గుండె ఝల్లుమంటుంది. పైనుంచి ఒక ఆడమనిషి "నా బిడ్డ! నా బిడ్డ!" అని గొంతు చించుకుని అరవడం వినబడుతుంది. ఎవరికో ఏదో అయిపోయిందని చేతిలో సంచులు పడేసి పరుగెత్తినవాళ్లు ఉన్నారు. తీరా పైకి వెళ్తే అక్కడ ఏడుపూ లేదు, పెడబొబ్బా లేదు. చేటలో పడుకున్న పసిబిడ్డ ముందు ఒక బాలింత సిగ్గుతో ఎర్రబడి నవ్వుతూ ఉంటుంది. చుట్టూ చేరినవాళ్లు "ఇంకా గట్టిగా అమ్మా, ఇంకా గట్టిగా" అని ఎగదోస్తుంటారు.

ఈ కొండ మీద వెలసిన తల్లి పేరు చేటలమ్మ. ఆమెకు ముక్కూ కళ్లూ ఉన్న విగ్రహం లేదు. మూడు వైపులా అంచు లేచి, నాలుగో వైపు తెరుచుకుని, అచ్చం చేటలాగే ఉన్న నల్లరాతి పలకే అమ్మవారు. ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు, తవుడు పోస్తారు. చుట్టుపక్కల ఊళ్ల సంతలో నిలబడి "తవుడూ!" అని ఒక్క కేక వేస్తే సగం సంత వెనక్కి తిరుగుతుంది. తవిటమ్మలు, తవిటయ్యలు, తవిటినాయుళ్లు అంతమంది ఉన్నారు. అమ్మవారి సేవ చేసే కుటుంబాన్ని చేటలవారు అంటారు. ఇంటిపేరు కొందరికి ఊరినుంచి వస్తుంది, కొందరికి చేసే పనినుంచి వస్తుంది. వీరికి మాత్రం పీటల మీద ఆగిపోయిన ఒక పెళ్లినుంచి వచ్చింది.

పూర్వం ఇక్కడ కొండ దిగువన ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో మొదటి నుయ్యి తవ్వినవాళ్లు నూతివారయ్యారు. పశువుల దొడ్డి కట్టినవాళ్లు దొడ్డివారయ్యారు. నూతివారి కోడలు అచ్చియ్యమ్మకు వరసగా బిడ్డలు పుట్టారు, వరసగా పోయారు. చంద్రమ్మ అని పేరు పెట్టుకుంది, ఆ పిల్ల పురిటి మంచం మీదే పోయింది. ముత్యాలు అని పెట్టుకుంది, పాకే వయసులో పోయింది. బంగారయ్య అని పెట్టుకుంది, వాడు అమ్మా అనకుండానే పోయాడు. ముద్దొచ్చే పేరు వింటే చావుకి కూడా ముద్దొస్తుందని ఊళ్లో ముసలమ్మలు చెప్పారు.

నాలుగోసారి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన పిల్ల ఏడవలేదు, ఒళ్లంతా నీలంగా ఉంది. అచ్చియ్యమ్మ ఆ పిల్లను చేటలో వేసి, దొడ్డివారి గుమ్మం ముందు పెట్టి, ఆ ఇంటి పెద్దావిడ గంగులమ్మకు దోసెడు తవుడుకి అమ్మేసింది. బిడ్డలు దక్కని తల్లులు అలా చేయడం అక్కడి ఆచారం. ఇది నా బిడ్డ కాదు, దోసెడు తవుడు చేసే వస్తువు అని చావును నమ్మించడం అన్నమాట. గంగులమ్మ చేట ఎత్తుకోగానే పిల్ల కెవ్వుమంది! ఆ పిల్లకే తవుడు అని పేరు.

ఆచారం అక్కడితో తీరదు. బిడ్డకు పళ్లు వచ్చేలోగా కన్నతల్లి చేటెడు బియ్యం తీసుకెళ్లి, కొన్నవాళ్ల గుమ్మంలో పోసి, "నా బిడ్డ" అని నలుగురూ వినేలా చెప్పి తిరిగి కొనుక్కోవాలి. కొన్నవాళ్లు తమంతట తాము ఆ మాట ఎత్తకూడదు. ఎత్తితే చావుకు గుర్తు చేసినట్టేనని భయం.

అమ్మకం పేరుకే గనక తవుడు పెరిగింది కన్నతల్లి ఇంట్లోనే. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఆమె పెరగడం అంటే అలా ఇలా కాదు, కొండవాగు పక్కన ఆనపపువ్వు విచ్చుకున్నట్టు పెరిగింది. ఎండలో నడిచి వస్తుంటే చూసేవాళ్ల కళ్లకు చల్లగా ఉండేది. ఒక్క పేరే ఆమెకు ముల్లు. నూతి దగ్గర ఆడపిల్లలు "ఓలే తవుడూ, గాలొస్తంది, ఎగిరిపోగల్వు, గట్టిగా పట్టుకో" అని వేళాకోళం చేస్తే ఇంటికి వచ్చి మొహం కడుక్కునేది. అచ్చియ్యమ్మ మాత్రం ఆమెను తవుడూ అని కూడా పిలిచేది కాదు. "ఇదిగో", "ఒసే", అంతే. అమ్మకు నేనంటే ఇష్టం లేదు కాబోలు అని తవుడు ఎన్నోసార్లు అనుకుంది.

గంగులమ్మ మనవడు సన్యాసి కొండ మీద ఆవులు కాసేవాడు. సన్యాసయ్య దేవుడికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. ఒకనాడు తప్పిపోయిన పెయ్యను వెతుకుతూ వెళ్లి, తుప్పల మధ్య ఈ రాతిచేటను అతనే మొదట చూశాడు. ఆ పెయ్య హాయిగా అందులో పడుకుని నెమరు వేస్తోందట. పుల్లలకు వచ్చిన తవుడును పిలిచి చూపించాడు.

"ఏ దేవతో ధాన్యం చెరుగుకుని మర్చిపోయి ఎల్లిపోనాది" అన్నాడు.

"ఈ చేటలో నన్నేసి చెరిగితే బాగుణ్ణు. తవుడు పోయి ఏదో ఒక మంచి పేరు మిగులును" అంది తవుడు.

"నాకేటి, పేరు సన్యాసి, మనసేమో నీ సుట్టూ తిరగతంది. తవుడు లేకపోతే మా ఆవులు పాలిస్తాయేటి? నాకా పేరే కావాల."

ఆ మాట విన్నాక తవుడుకు తన పేరు మొదటిసారి తియ్యగా వినబడింది. కొండ కిందికి దిగుతూ తన పేరు తానే నెమ్మదిగా పలుక్కుంది.

రెండిళ్ల పెద్దలూ ఒప్పుకున్నారు. నూతివారి పిల్ల, దొడ్డివారి పిల్లాడు, మేనరికంలాంటి సంబంధం అన్నారు. పందిరి వేశారు. పొద్దు ఎక్కకముందే ముహూర్తం. వధువుకు బొట్టు పెట్టాక, ఊరి పెద్దకాపు ఆనవాయితీ ప్రకారం గట్టిగా అడిగాడు. "ఈ పిల్ల ఎవరింటి పిల్ల? చేటలో అమ్మిన పిల్ల కదా, తిరిగి కొన్నారా?"

పిల్ల తల్లి ఇంట్లోనే పెరిగింది గనక ఎప్పుడో కొనే ఉంటుందని అందరూ అనుకున్నారు, ఊరికే అడిగే ప్రశ్న అది. అడగ్గానే తల్లి "కొన్నాను" అంటుంది, బాజాలు మోగుతాయి. కానీ అచ్చియ్యమ్మ తల వంచుకుంది. పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి. వెనకనుంచి ముసలి గంగులమ్మ కర్ర పట్టుకుని లేచింది.

"కొనలేదు నాయనా. పళ్లొచ్చినా కొనలేదు, పెళ్లికి ముందైనా కొంటాదని నిన్న పొద్దుగూకేదాకా గుమ్మంలోనే కూకున్నాను, చేట పట్టుకుని వస్తాదేమోనని. అడక్కూడదు కదా, నోరు మూసుకున్నాను. ఇప్పుడు నువ్వడిగావు గనక సెప్తన్నాను. ఆ గుంట దొడ్డివారి గుంట."

సన్నాయి ఊదేవాడి బుగ్గలు ఉబ్బినవి ఉబ్బినట్టే ఉండిపోయాయి. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు అన్నాచెల్లెళ్లు. తవుడు దొడ్డివారి పిల్ల అయితే సన్యాసి ఆమెకు అన్న! తవుడుకు పక్క పీట మీద కూర్చున్నవాడి వైపు చూడాలంటే కళ్లు లేవలేదు.

పెద్దకాపు తేరుకుని, "ఇందులో మునిగిపోయిందేముందమ్మా? ఇప్పుడే కొనుక్కో. ఒరే, చేటలో బియ్యం తెండిరా" అన్నాడు.

"నేను ఇచ్చేస్తానే అచ్చియ్యా. ఒక్క మాట అను, సాలు" అంది గంగులమ్మ.

బియ్యం చేట తెచ్చి అచ్చియ్యమ్మ చేతిలో పెట్టారు. చేట జారి బియ్యం నేలపాలయ్యాయి.

"నాను కొనను" అంది.

అంతే. ఇంకో మాట లేదు. తవుడు తన చెవులను తాను నమ్మలేకపోయింది. ఇన్నేళ్లు అన్నం పెట్టిన అమ్మ, నలుగురిలో, పెళ్లి పీటల మీద, నువ్వు నాకు వద్దు అంది! ఆమె బాసికం తెంపి విసిరేసి, పసుపు బట్టలతోనే కొండ మీదికి పరుగు తీసింది. వెనక ఎవరో పిలుస్తున్నా ఆగలేదు.

రాతిచేట దగ్గరకు చేరేసరికి ఎండ మండుతోంది. చిత్రంగా ఆ రాయి మాత్రం కుండలో నీళ్లంత చల్లగా ఉంది. తవుడు ఏడ్చి ఏడ్చి, అందులోనే ముడుచుకుని పడుకుని నిద్రపోయింది. అప్పుడు కలలో ఒక ముసలావిడ కనిపించింది. జుట్టు నిండా, కనురెప్పల నిండా తవుడు దుమ్ము.

"ఎవరి పిల్లవే?" అంది.

"ఎవరి పిల్లనూ కాను. కన్నావిడ కొనలేదు, కొన్నావిడకు మనవడున్నాడు."

"మీ అమ్మ ఎందుకు కొనలేదో తెలుసునా? నా బిడ్డ అని నోటితో అంటే, విన్న చావు నిన్ను కూడా పట్టుకుపోతుందని. పిచ్చి ముండ! చావుకి చెవుడే పిల్లా. పేరు విని ఎవర్నీ తీసుకుపోదు."

"మరి నాకెందుకీ పేరు?"

"అది చావు కోసం పెట్టింది కాదు. మీ అమ్మకి కంటి మీద కునుకు రావాలని పెట్టింది. లే. నా చేటలో పడింది నాదే. దోసెడు తవుడు పోసి నిన్ను కొంటున్నాను. ఇకనుంచి నీ ఇంటిపేరు చేటల. నా ఇంటినుంచి నిన్ను పెళ్లికి పంపిస్తాను."

తవుడు కళ్లు తెరిచేసరికి ఊరంతా చుట్టూ నిలబడి ఉంది. అందరికంటే ముందు సన్యాసి, మొహంలో నెత్తురు చుక్క లేకుండా. ఆమె ఒడి నిండా మెత్తని కొత్త తవుడు! ఆ చుట్టుపక్కల రోలు లేదు, రోకలి లేదు. గంగులమ్మ కర్ర పడేసి, ఆ తవుడులోంచి దోసెడు తన కొంగులో పోసుకుని, "అమ్మాను తల్లీ, నీకే అమ్మేశాను" అని రాతికి మొక్కింది.

తవుడు తన కల చెప్పింది. చావుకి చెవుడన్న మాట విని అచ్చియ్యమ్మ కూతురి దగ్గరకు వచ్చి నోరు తెరిచింది. "నా..." అంది. రెండో మాట రాలేదు. భయం గొంతులో వేరు పట్టేసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మకు తానంటే ఇష్టం లేదనుకున్నందుకు తవుడుకు గుండె తరుక్కుపోయింది.

ఆ సాయంత్రమే రాతిచేట ముందు పెళ్లి జరిగింది. అమ్మవారి తరఫున పిల్లను అప్పగించడానికి ఒక మనిషి కావాలి కదా. అచ్చియ్యమ్మ ముందుకు వచ్చి, సొంత కూతుర్ని అమ్మవారి పిల్లగా అప్పగించింది. తరవాత కొండ దిగలేదు. అక్కడే గుడిసె వేసుకుని అమ్మవారి వాకిలి ఊడ్చుకుంటూ ఉండిపోయింది. సన్యాసి కూడా అమ్మవారి ఇంటికి ఇల్లరికం వచ్చినట్టే లెక్క. వాళ్ల పిల్లలు చేటలవారు అయ్యారు.

కాపురం కింద పల్లెలోనే అయినా, తొలి పురిటికి తవుడు పుట్టిల్లు అంటూ ఈ కొండకే వచ్చింది. కాన్పు కష్టమైంది. బిడ్డ బయటపడింది గాని తల్లి కళ్లు తేలేసింది. ఒళ్లు చల్లబడిపోయింది. మంత్రసాని చేతులు కడిగేసుకుంది. "అయిపోనాది" అంది. తవుడుకు చీకటి నూతిలోకి దిగిపోతున్నట్టుంది. గట్టున ఉన్నవాళ్ల మాటలు దూరమైపోతున్నాయి. ఆ చీకట్లోకి, కొండ అదిరిపోయేలా ఒక కేక వచ్చి పడింది.

"నా బిడ్డ! నా బిడ్డ! ఇది నా బిడ్డర్రా!"

ఇన్నేళ్లు గొంతులో దాచిన మాట అది. ఆ క్షణాన అచ్చియ్యమ్మకు చావు గుర్తులేదు, ఆచారం గుర్తులేదు. ఎదురుకొండ ఆ కేకను తిప్పి తిప్పి పలికింది. తవుడు కళ్లు విప్పింది. ఏ మాట వింటే పోతుందని తల్లి భయపడిందో, ఆ మాట విని వెనక్కి వచ్చింది.

అప్పటినుంచి ఈ క్షేత్రంలో అమ్మిన బిడ్డను తిరిగి కొనడానికి బియ్యం అక్కర్లేదు. బిడ్డలు దక్కని తల్లులు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల తల్లులు ముందు బిడ్డను రాతిచేటలో పడుకోబెట్టి, దోసెడు తవుడుకి అమ్మవారికి అమ్ముతారు. చేటలవారి ఇంటి ఆడపడుచు ఆ తవుడును తల్లి కొంగులో పోసి, "ఎవరి బిడ్డమ్మా?" అని అడుగుతుంది. కొండ మారుపలికేలా చెప్పాలి. పట్నంనుంచి వచ్చిన తల్లులు మొదట నోట్లో నోట్లో గొణుగుతారు. "వినబడలేదమ్మా, మా అమ్మవారికి కాదు, ఎదురుకొండకి వినబడాల" అని ఆడపడుచు అంటే అందరూ నవ్వుతారు. రెండోసారికి ఆ తల్లికి తానెక్కడుందో గుర్తుండదు.

బిడ్డకు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. తవుడు అనే పెట్టాలన్న నియమం లేదు. చంద్రమ్మ, ముత్యాలు, బంగారయ్య అని పెట్టుకుంటే అమ్మవారికి మరీ ఇష్టమని చెబుతారు. తవుడూ బెల్లం కలిపిన ఉండ ప్రసాదంగా ఇస్తారు. ఈ తల్లిని సేవించినవారి ఒళ్లో బిడ్డ నిలుస్తుందని, వేరుపడిన తల్లీకూతుళ్లు కలుస్తారని, ఆగిపోయిన పెళ్లిళ్లు జరుగుతాయని నమ్మకం. తిరిగి దిగేటప్పుడు సగం దారిలో మళ్లీ కేక వినబడితే భక్తులు గాభరా పడనక్కర్లేదు. ఆ పూట ఒక బిడ్డ తన తల్లికి దక్కిందని నిలబడి ఒక దండం పెడితే చాలు.