జంబయ్య పన్నెండాకుల లెక్కల పుస్తకం

జీడితోటకీ నువ్వుచేనుకీ మధ్య ఉన్న తుప్పల్లో ఆ వేసవిలో చదువుల గొడవ మొదలైంది. తోటలో బడి లేక కాదు. బడి ఉంది, గుడ్లగూబ మాస్టారూ ఉన్నాడు. పొద్దెక్కేసరికి ఆయన కునుకు తీస్తాడు, ఆయన లేచేసరికి పిల్లలు నిద్రపోతారు. అందుకని ఎవరి పిల్లలకి వాళ్లే ఇంటి దగ్గర చదువు చెప్పుకుంటున్నారు. మిగతావన్నీ ఎలాగో నెట్టుకొస్తున్నా, లెక్కల దగ్గరికొచ్చేసరికి తల్లులందరికీ ఒకటే బెంగ. ఏ పుస్తకం పట్టాలి?

కౌజుపిట్ట నూకాలుకి ఆ బెంగ మరీ ఎక్కువ. మొదటిసారి పొదిగినప్పుడే పదకొండు మంది పిల్లలు. పైగా నూకాలుకి లెక్కలంటే ప్రాణం. తోటలోకి ఎవరొచ్చినా ఎందరొచ్చారో, ఎందరు తిరిగి వెళ్లారో చెప్పేస్తుంది. తన పిల్లలు తనని మించిపోవాలని ఆమె పట్టుదల.

కౌజుల ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. ఒక తుప్ప నుంచి ఇంకో తుప్పకి వెళ్లినప్పుడల్లా పిల్లలు వరసగా తమ తమ అంకె పలకాలి. ఏ అంకె వినపడకపోతే తల్లి అక్కడే ఆగిపోయి వెతుకుతుంది. నూకాలు పిల్లలు గుడ్డులోంచి వచ్చిన మూడో రోజుకే ఒకటి నుంచి పదకొండు దాకా తడుముకోకుండా పలికేశారు. ఆ రోజు నూకాలు నేల మీద నడిచినట్టే లేదు.

ముందుగా చిలక పంతుల్ని అడిగింది.

"నా దగ్గర పంతొమ్మిదో ఎక్కం దాకా ఉంది. నెల తిరిగేసరికి నీ పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు" అన్నాడు పంతులు.

"పంతులు గారూ, ఈ కొమ్మకి ఆరు పళ్లున్నాయి. మీరు రెండు తిన్నారు. ఎన్ని మిగిలాయి?"

"రెండార్లు పన్నెండు" అన్నాడు పంతులు, మూడో పండు అందుకుంటూ.

నూకాలు దణ్ణం పెట్టి వచ్చేసింది.

తర్వాత కళ్లంలో నెమరు వేస్తున్న ఎద్దు అప్పలస్వామి దగ్గరికి వెళ్లింది.

"నా దగ్గర పుస్తకం లేదమ్మా" అన్నాడు తాత. "ఒక చాలు దున్నుతాను. అది పూర్తయ్యాక పక్క చాలు. నీ పిల్లలకీ అలాగే చెప్పు. ఒకటి గట్టిపడ్డాక రెండు."

"అలా అయితే వందకి వచ్చేసరికి వీళ్లకి మనవలు పుడతారు తాతా."

"పుట్టనీ. వాళ్లనీ లెక్కపెట్టుకోవచ్చు."

ముసలాడి చాదస్తం అనుకుని నూకాలు తిరిగొచ్చేసరికి, తుప్ప అవతల నక్క జంబయ్య నిలబడి ఉన్నాడు. నోట్లో టేకు ఆకుల కట్ట. నూకాలు రెక్కలు విప్పబోయింది.

"కంగారుపడకు తల్లీ" అన్నాడు జంబయ్య, కట్ట కింద పెట్టి. "మాంసం మానేసి చాలా రోజులైంది. జీడిపళ్లు తింటున్నాను, చదువు చెప్పుకుంటున్నాను. కావాలంటే కోడి పైడమ్మని అడుగు. వాళ్ల పిల్లలు నా దగ్గరే చదువుతున్నారు. పిసరంత దక్షిణ కూడా పుచ్చుకోను."

దూరంగా నిలబడే పిల్లలకి పరీక్ష పెట్టాడు. "చుక్కలెన్ని?"

"చాలా" అన్నారు పిల్లలు.

"తోటలో ఆకులెన్ని?"

"చాలా చాలా."

జంబయ్య కళ్లు మూసుకుని తల ఊపాడు. "అమ్మాయ్, వీళ్లు ఏడో మెట్టు పిల్లలు. ఇంత తెలివైన వాళ్లని ఒకటీ రెండూ అంటూ అరిపిస్తున్నావా? వినేవాళ్లు ఏమనుకుంటారు? ఇదిగో, పన్నెండాకుల పుస్తకం. మొదటి రెండు ఆకులూ నీ పిల్లలకి అక్కర్లేదు. నేరుగా మూడో ఆకు ఎత్తుకో."

ఏడో మెట్టు అన్న మాట నూకాలు చెవిలో తేనె పోసినట్టుంది. మెడ మీద ఈకలు వాటంతట అవే లేచాయి.

మూడో ఆకులో ముల్లుతో గీసి ఇలా ఉంది. చిల్లర అంకెలతో తల పాడుచేసుకోవద్దు. దేన్నైనా దగ్గరి పదికి సర్దాలి. ఐదు మొదలుకుని పద్నాలుగు దాకా ఏదైనా పదే. నాలుగూ, అంతకన్నా తక్కువైతే సున్నా.

నూకాలు రెండుసార్లు చదివింది. పద్ధతి తప్పేమీ కాదు. చెట్టు మీద పళ్లు లెక్కగట్టేటప్పుడు ఆమె చేసేదీ ఇదే. సరేనని మర్నాడు పొద్దున్నే పాఠం మొదలుపెట్టింది.

"మీరు ఎంతమంది?"

"పదకొండు."

"దగ్గరి పదికి సర్దితే?"

"పది" అన్నారందరూ. ఒక్క పిల్ల మాత్రం నోరు విప్పలేదు. అది అందరికన్నా చిన్నది, పదకొండో అంకె పలికేది.

"నీకేమైందే?"

"పదికి సర్దేస్తే నేనెక్కడికి పోతానమ్మా?"

 నూకాలు ముక్కుతో నేల మీద ఓ గీత గీసి, చెరిపి, మళ్లీ గీసింది. పళ్ల విషయంలో ఒకటి పోతే పోయింది. ఇక్కడ ఆ ఒకటి ఎదురుగా నిలబడి జవాబు అడుగుతోంది.

"ఇవాళ్టికి పాఠం చాలు. మీ మీ అంకెలు పలకండి" అంది. పదకొండు గొంతులూ విన్నాకే పిల్లల్ని ముళ్లతుప్పలోకి తోలి, పైడమ్మని వెతుక్కుంటూ వెళ్లింది.

కోడి పైడమ్మ జీడిచెట్ల కింద పిల్లలతో దర్జాగా గింజలు ఏరుతోంది.

"రా నూకాలూ. మీవాళ్లు ఏ మెట్టు?"

"ఏడు అన్నారు వదినా."

"మావాళ్లు తొమ్మిది" అంది పైడమ్మ, తల పక్కకి తిప్పి. "మొదట్లో నేనూ నీలాగే వేళ్లు మడిచి లెక్కపెట్టేదాన్ని. ఇప్పుడా మోటు పనులన్నీ మానేశాను."

"పిల్లలు ఎంతమంది వదినా నీకు?"

"సుమారు పది."

నూకాలు చూసింది. ఆరు. చెట్టు వెనక చూసింది, ఆకుల గుట్ట వెనక చూసింది. ఆరే. పైడమ్మ పిల్లల్ని మొదటిసారి తోటలోకి తీసుకొచ్చిన రోజు తన కళ్లతో లెక్కపెట్టింది. ఆ రోజు పద్నాలుగు.

"మాస్టారు పాఠం ఎలా చెబుతారు వదినా?"

"అందరినీ కళ్లు మూసుకోమంటారు. నన్ను కూడా. మనసులో అంచనా కట్టాలట. కళ్లు తెరిచాక ఎంతమందో చెప్పాలి. ఒక్కసారి కూడా తప్పు పోలేదు. ప్రతిసారీ పదే వస్తోంది."

"ఎన్ని పాఠాలయ్యాయి?"

"ఎనిమిది."

పద్నాలుగులో ఎనిమిది పోతే ఆరు.  ఇంకొకటి పోయి ఐదు మిగిలినా ఈ పుస్తకం పది అనే చెబుతుంది. తల్లి దిద్దుకునే పుస్తకంలోనే పిల్ల మాయమయ్యే చోటు ఉంది. ఆ మాట ఇప్పుడు చెబితే పైడమ్మ నమ్మదు, గొడవపడుతుంది, మర్నాడు మళ్లీ పాఠానికి వెళుతుంది.

"వదినా" అంది నూకాలు నెమ్మదిగా, "రేపు మధ్యాహ్నం మా పిల్లల మొదటి పాఠం కళ్లంలో పెట్టిస్తున్నాను. నువ్వూ రావాలి. అప్పటిదాకా నీ పిల్లల్ని తీసుకెళ్లి మీ కళ్లం దాటనివ్వకు. తొమ్మిదో మెట్టు పిల్లలకి ఎండదెబ్బ తగలకూడదు."

"అదీ నిజమే" అంది పైడమ్మ, పొంగిపోతూ.

అక్కడి నుంచి నూకాలు నేరుగా కళ్లానికి ఎగిరి, గడ్డివాము చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని, జంబయ్య ఉండే బొరియకి ఎదురుగా ఎత్తైన కొమ్మ మీద వాలింది.

"మాస్టారూ, మూడో ఆకు అద్భుతం. రేపు మధ్యాహ్నం మొదటి పాఠం మీరే చెప్పాలి. మా పదకొండు మందీ కళ్లంలో రాలిన ధాన్యం తిని తిని బాగా ఒళ్లు చేశారు. ఈ ఎండకి తోట దాకా నడవలేరు. మీరే గడ్డివాము వెనక్కి వస్తే..."

జంబయ్య గుటక మింగాడు. "కళ్లంలో కుక్కలుంటాయని విన్నానే."

"ఇప్పుడే చూసొచ్చాను. మీ మూడో ఆకు ప్రకారమే లెక్క కట్టాను. సున్నా వచ్చింది."

"ఒక్కరోజులో ఇంతలా పట్టేశావా" అన్నాడు జంబయ్య. చెప్పిన పాఠం ఒంటబట్టిందన్న సంతోషంలో, ఏ అంకెని సర్దితే ఆ సున్నా వచ్చిందో అడగడం ఆయనకి తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం నూకాలు పదకొండు మందీ నువ్వుచేను నడిమధ్య ఉన్నారు. పైడమ్మ తన పిల్లలతో పశువుల పాక కప్పు మీదికి ఎక్కింది. నూకాలు బండి కాడి మీద కూర్చుంది. జంబయ్య ఇంకో పన్నెండాకుల కట్ట నోట కరుచుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ గడ్డివాము మూల తిరిగాడు.

నీడలో పడుకున్న నల్లకుక్క ఒక కన్ను తెరిచింది. దాని పక్కన ఎర్రకుక్క చెవి ఎత్తింది. వాటి వెనక ఇంకో రెండు లేచి ఒళ్లు విరుచుకున్నాయి.

జంబయ్య నోట్లోంచి ఆకులు జారిపోయాయి. "సున్నా అన్నావు కదే" అన్నాడు, వెనక్కి వెనక్కి జరుగుతూ.

"నాలుగే మాస్టారూ" అంది నూకాలు. "ఐదు కాలేదుగా. ఇంకా సున్నాయే. కంగారుపడకుండా కళ్లు మూసుకుని అంచనా కట్టండి."

ఆ తర్వాత జంబయ్యకి కళ్లు మూసుకునే తీరిక దొరకలేదు. కళ్లం దాటి, కంచె దాటి, చెరుకుతోట దాకా నాలుగూ తరిమాయి. పన్నెండాకులూ కుక్కల కాళ్ల కింద నలిగి పొడైపోయాయి.

పైడమ్మ దిగొచ్చింది. "అదేం పని నూకాలూ? మాస్టార్ని పట్టుకుని..."

"వదినా, ఒక్కసారి నీ పాత పద్ధతిలో పిల్లల్ని లెక్కపెట్టు."

పైడమ్మ చిరాగ్గానే మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదు. ఆరు. ఆరు అన్నాక ఏడో పిల్ల కోసం వెనక్కి చూసింది. రెక్క ఎత్తి కిందకి చూసింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. అప్పలస్వామి తాత నెమరు ఆపేశాడు. 

"పద్నాలుగు మంది కదే నాకు" అంది పైడమ్మ చివరికి.

నూకాలు ఆమె పక్కకి వచ్చి కూర్చుంది. 

"ఇప్పుడు వీళ్లకి ఏ పుస్తకం పెట్టను నూకాలూ?"

"తాత దగ్గర పుస్తకం లేదు వదినా. మనిద్దరం అదే పెడదాం. ఒకటి గట్టిపడ్డాక రెండు."

అప్పలస్వామి ఆ పూట నెమరు కాస్త దర్జాగా వేశాడు.

మర్నాటి నుంచి నూకాలు పిల్లలు తుప్ప దాటి తమ అంకెలు పలికాక, కళ్లం వైపు నుంచి పైడమ్మ ఆరుగురూ అందుకునేవారు. పన్నెండు, పదమూడు, అలా పదిహేడు దాకా. చిట్టచివర ఉండే కోడిపిల్ల పదిహేడు అని అరిచినప్పుడు పైడమ్మ మెడ నిటారుగా లేచేది. ఇక నూకాలు చిన్నది, తన పదకొండుని మిగతా అందరికన్నా గట్టిగా పలికేది. ఎన్నో మెట్టు అని ఎవరైనా అడిగితే నూకాలు, "పదిహేడు మంది, అందరూ ఉన్నారు" అనేది. అంతకన్నా పై మెట్టు ఆమెకి కనపడలేదు.

చెరుకుతోటలో తోక నాక్కుంటున్న జంబయ్య పక్కన కాకి వాలింది.

"ఎన్ని కుక్కలు తరిమాయి మావా? సుమారుగా చెప్పు."

"నాలుగు" అన్నాడు జంబయ్య. "సుమారు కాదు. ఏ గాటు ఏ కుక్కదో కూడా చెప్పగలను."

పిల్లలకి లెక్కల పుస్తకం ఎంచుకునేటప్పుడు, అది ఎంత పెద్ద లెక్క నేర్పుతుందో కాదు, ఏ చిన్న లెక్క మరిచిపొమ్మంటుందో చూసుకోవాలి.