దుప్పి వేసిన దారి లెక్క

ఆ ఏడు ఎండలకు కొండమీది వాగులన్నీ ఎండిపోయాయి. ఒక మడుగు ఇంకిపోతే ఇంకో మడుగు వెతుక్కోవాలి. ఆ వెతకడంలో చుక్కమ్మ అనే దుప్పిని మించినవాళ్ళు లేరు. ఆ సంగతి దానికి కాస్త ఎక్కువగానే తెలుసు.

ఒకరోజు నక్క వచ్చి పక్కన చేరింది.

"అత్తా, అడవిలో ఇన్ని దారులున్నాయి. నీళ్ళవైపు పోయేదేదో నీకెలా తెలుస్తుందే?"

"అన్నీ తిరిగితే కాళ్ళరిగిపోవూ? దారి చీలిన చోటల్లా ఆగుతా. నడిచింది ఎంత, ఇంకా ఎంత ఉండొచ్చు అని రెండూ కలుపుకుంటా. తడి వాసన, నేల వాలు చూస్తే అంచనా దొరుకుతుంది. మొత్తం ఏది తక్కువైతే అటే పోతా."

"ప్రతిసారీ ఇంతేనా?"

"మంచి లెక్క దొరికాక మార్చడమెందుకురా?"

"అబ్బ, ఏం బుర్ర అత్తా నీది!"

చుక్కమ్మ ఉబ్బిపోయింది.

మర్నాడు పిల్లను వెంటేసుకుని కొత్త మడుగు కోసం బయల్దేరింది. కొండ మలుపులో దారి రెండుగా చీలింది. ఎడమది బండల మీదుగా చుట్టుతిరుగుడు. కుడిది ఇరుకు లోయ, అటునుంచి తడి వాసన గుప్పుమంటోంది.

"అమ్మా, ఇంకెంత దూరమే?" అంది పిల్ల. దాని నాలుక పిడచకట్టుకుపోయింది.

"వచ్చేశాం తల్లీ."

లోయలో పక్కకు తప్పుకునే చోటు లేదని చుక్కమ్మ చూసింది. చూసి కూడా దూరమే లెక్కేసుకుని కుడివైపే దిగింది.

మడుగు అక్కడే ఉంది. లెక్క వెంట్రుకవాసి తప్పలేదు. పిల్ల నీళ్ళల్లో మూతి పెట్టబోతుండగా బండమీంచి చిరుత దూకింది.

చుక్కమ్మ పడుతూ లేస్తూ గట్టెక్కి వెనక్కి తిరిగింది. పిల్ల లేదు. ఎదుటి బండమీద నక్క తన వాటా కోసం కూర్చుని ఉంది.

"నీ నోట మన్ను పడ! మేమిటు వస్తామని ఎవర్రా నీకు చెప్పింది?"

"నువ్వే కదా అత్తా! నీ లెక్క నేనూ వేసి చూశా, ఇక్కడికే తేలింది. పోయినేడు చిరుతదొర నిన్ను తరిమి తరిమి అలిసిపోయాడు. ఈసారి తరమక్కర్లేదు దొరా, ముందే వెళ్ళి కూర్చోండి చాలని చెప్పా."

"నేను నీళ్ళకోసం వచ్చానురా! నీతో ఆటాడ్డానికి రాలేదు!"

"నువ్వు ఆటకు రాలేదు, మేమొచ్చాం. మడుగు కదలదు, దానికి నీ లెక్క చాలు. మేం కదులుతాం కదా. నేనిటు వస్తే వీళ్ళేం చేస్తారు, అటు వెళ్తే ఏం చేస్తారు అని ఒక్కసారన్నా అనుకున్నావా?"

చుక్కమ్మకు దాహంతో గొంతు ఎండిపోతోంది. చిరుత పిల్లను ఈడ్చుకుపోయాక దిగివచ్చి, ఏడుస్తూ ఆ మడుగులోనే నీళ్ళు తాగింది.

దారి వెతకడానికి మన తెలివి చాలు. ఆ దారిలో పగవాడుంటే వాడి తెలివితోనూ ఆలోచించాలి.