రేకు చుట్టిన వేళ్ళు

ప్రశ్న అడిగిన మనిషికి వేదవతమ్మగారు ఆ పూటే జవాబు చెప్పిన దాఖలా బొబ్బిలిలో ఎవరికీ గుర్తు లేదు. ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు పండితురాలిగా చేసి రిటైరయ్యాక, ఆదివారం ఉదయాల్లో ఆమె తన ఇంటి ముందు గదిలో ఉపనిషత్తులు చెప్పేవారు. ఎవరైనా సందేహం అడిగితే శ్రద్ధగా విని, తలాడించి, "ఆ కిటికీ రెక్క కాస్త వెయ్యమ్మా" అనో, "మంచినీళ్ళు తాగుతావా" అనో అనేవారు. కొందరు దాన్ని గాంభీర్యం అనుకున్నారు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే హైమవతి మాత్రం మొండితనం అనుకునేది. అడిగిన ప్రశ్నకు అడిగిన చోట జవాబు రాయకపోతే ఆమె తన విద్యార్థులకు సున్నా వేస్తుంది. గురువుగారికి వేసే వీలు లేదు కనక, కొన్నేళ్ళుగా పళ్ళు బిగించుకుని వస్తూనే ఉంది.

ఆ ఆదివారం పాఠం అయిపోయి అందరూ వెళ్ళాక కూడా ఆమె చాప మీంచి లేవలేదు.

"అమ్మగారూ, మృదులకి ఎప్పుడు చెబుతారు?" అని అడిగింది.

మృదుల వేదవతమ్మగారి చెల్లెలి మనవరాలు. ఇంటర్లో హైమవతి దగ్గరే చదువుకుని, నర్సింగ్ పూర్తిచేసింది. పార్వతీపురంలో రైసుమిల్లు ఉన్నవాళ్ళ అబ్బాయితో ఆమెకి నిశ్చితార్థం జరిగింది. ఆ తర్వాత మగపెళ్ళివారు, మూఢం వచ్చింది, వెళ్ళాక ముహూర్తం పెట్టుకుందాం అన్నారు. మూఢం వెళ్ళింది గానీ వాళ్ళ దగ్గర్నుంచి కబురు రాలేదు. ఇరుగుపొరుగు ఆరాలు తట్టుకోలేక తల్లి పిల్లని ఇక్కడికి పంపేసింది. ఈలోగా ఆ అబ్బాయికి వేరే సంబంధం ఖాయమైంది. పెళ్ళికూతురు ఎవరో కాదు, హైమవతితో పాటు కాలేజీలో పనిచేసే ఇందుమతి పినతండ్రి కూతురే. ఆ సంగతి తెలిసిన రోజే హైమవతి పరుగెత్తుకొచ్చి గురువుగారి చెవిన వేసింది. ఆమె "అలాగా" అన్నారు. వారం దాటినా ఆ మాట తర్వాత ఇంకో మాట లేదు.

మృదుల మాత్రం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పెళ్ళి వాయిదా పడిందనే చెబుతోంది. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో ఆమెకి ఉద్యోగం వచ్చింది. రేపు చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది. గోళ్ళు అతికించుకుని వార్డులోకి రాకూడదని వాళ్ళు ముందే చెప్పారు. మృదుల చేతులకేమో నిశ్చితార్థానికి పార్లర్లో అతికించిన పొడుగాటి గులాబీరంగు గోళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. మొదళ్ళ దగ్గర అసలు గోరు పెరిగి సందులు కనబడుతున్నా వాటిని తీయించుకోలేదు. "పెళ్ళి దగ్గర్లో ఉంది కదా, ఇప్పుడు చేరి ఏం లాభం" అంటూ ఆ గోళ్ళతో ఫోను మీద టకటకా కొట్టుకుంటూ కూర్చునేది. ఆ చప్పుడు వింటే హైమవతికి ఒళ్ళు మండిపోయేది.

"అబద్ధమని మనకి తెలిశాక ఇంకొక్క గంట కూడా ఎందుకు ఉంచాలండీ? ఒక్క మాట చెబితే సరిపోతుంది. ఏడుస్తుంది, ఏడవనివ్వండి. రేపటి ఉద్యోగమైనా దక్కుతుంది. మీరు చెప్పలేకపోతే నేను చెబుతాను. తెలిసి కూడా చెప్పకపోవడం ఏ ఉపనిషత్తులో ఉందో నాకు అర్థం కావడం లేదు."

వేదవతమ్మగారు కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకున్నారు. హైమవతి అది కూడా జవాబులో భాగమేమోనని కాసేపు చూసి, కాదని తేలాక నిట్టూర్చింది.

లోపలి గదిలోంచి కేక వినబడింది.

వెళ్ళి చూస్తే మృదుల మంచం అంచున కూర్చుని కుడి బొటనవేలు పట్టుకుని ఉంది. దుప్పటి మడతపెడుతుంటే గోరు దారానికి తగులుకుని సగం లేచిందట. నొప్పికి చిరాకేసి, ఎలాగూ ఊడిందిగా అని పట్టుకుని లాగేసింది. పైగోరుతో పాటు కింది గోరు పొర కూడా లేచొచ్చింది. రక్తం సన్నగా మణికట్టు దాకా కారుతోంది. ఆ పిల్ల అప్పుడే రెండో వేలి గోరు కిందికి చెంచా కాడ దూర్చబోతోంది.

హైమవతి చెంచా లాక్కుంది. "నీకు మతి ఉందా? నర్సింగ్ చదివావా, ఇంకేమైనా చదివావా?"

"తీసెయ్యాలి మేడమ్. అన్నీ తీసెయ్యాలి," అంది మృదుల.

వేదవతమ్మగారు గుమ్మంలోంచి, "నీకు ఈ రసాయనాల సంగతి తెలుసుగా హైమా. నువ్వే తియ్యి," అన్నారు.

ఇది తన పని ఎలా అయిందో హైమవతికి బోధపడలేదు. అయినా బొటనవేలు సబ్బునీళ్ళతో కడిగి, మందు రాసి కట్టు కట్టింది. స్కూటీ వేసుకుని, అతికించిన గోళ్ళని కరిగించే అసిటోన్ కోసం బయల్దేరింది. మొదటి ఫ్యాన్సీ షాపువాడు ఇచ్చిన రిమూవరు సీసా మీద అసిటోన్ లేదని గొప్పగా రాసి ఉంది. లేనిది కాదయ్యా, ఉన్నది కావాలని చెబితే, లేనిదే మంచిదని వాడు వాదించాడు. రెండో షాపు మూసి ఉంది. మూడోచోట దొరికిన సీసా పట్టుకుని ఇంటికి వచ్చేసరికి వేదవతమ్మగారు పూజగదిలో దీపం వెలిగించి, ఆ పక్కనే పీట వేసి, దూది తీసి సిద్ధంగా ఉంచారు.

"దీపం దగ్గరా అమ్మగారూ? భగ్గుమంటుంది," అని హైమవతి విసుక్కుని, పీటా దూదీ అన్నీ పెరటి వరండాలోకి, గాలి ఆడేచోటికి మార్చింది.

ముందు పొడుగంతా నెయిల్ కట్టరుతో కొంచెం కొంచెంగా కత్తిరించింది. మిగిలినదాని పైమెరుపు పోయేదాకా ఆకురాయితో మెల్లగా రుద్దింది. గోరు చుట్టూ చర్మానికి వ్యాజిలిన్ పట్టించింది. దూది ముక్క అసిటోన్‌లో ముంచి ఒక్కో గోరు మీదా పెట్టి, వంటింట్లో చపాతీలు చుట్టే వెండిరేకు చింపి వేలికి చుట్టింది. దెబ్బ తగిలిన బొటనవేలిని మాత్రం ముట్టుకోలేదు. అంతా అయ్యాక మృదుల రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, మెరిసే వేళ్ళ వంక చూసుకుంటూ కూర్చుంది. ఫోను పక్కనే ఉన్నా తాకే వీల్లేదు.

పావుగంట గడవకముందే హైమవతికి సహనం పోయింది. చూపుడువేలి రేకు విప్పి, ఐస్‌క్రీం పుల్లతో నెట్టింది. గోరు అంచున మెత్తబడింది గానీ నడిమధ్య గట్టిగానే ఉంది. ఇంకాస్త గట్టిగా నెట్టింది. మృదుల పెదవి కొరుక్కుంది.

"ఇంకా వదల్లేదేమో," అన్నారు వేదవతమ్మగారు, స్తంభానికి ఆనుకుని కూర్చున్నచోటి నుంచే.

"కనబడుతోందండీ," అని హైమవతి పెడసరంగా అని, మళ్ళీ దూది తడిపి రేకు చుట్టింది. మృదుల తన కట్టున్న చేత్తోనే ఇంకో వేలి రేకు లాగబోతే ఆ చేతి మీద చిన్నగా ఒకటి వేసింది. "లాగకు. అది నీ గోరుని పట్టుకుని ఉంది. లాగితే నీది కూడా ఊడొస్తుంది. దానంతట అది కరిగి వదిలేదాకా ఊరుకో."

వేదవతమ్మగారు తల తిప్పి ఆమె వైపు చూశారు. హైమవతికి ఎందుకో చెవులు వేడెక్కాయి. లేచి వెళ్ళి అక్కర్లేకపోయినా సీసా మూత బిగించి వచ్చింది.

ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. ఎవరిదో చూడమని మృదుల అడుగుతుందనుకుంటే అడగలేదు. పెరటి గోడ మీద ఆరేసిన అప్పడాల గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. ఆ పిల్ల దానికేసి చూస్తూ చూస్తూ, "మేడమ్, ఇందుమతి మేడమ్ వాళ్ళ చెల్లెల్ని మీరు చూశారా?" అంది.

హైమవతి పుల్ల కింద పెట్టి ఆమె వైపు తిరిగింది.

"మంచి అమ్మాయేనా?" అంది మృదుల మళ్ళీ.

వారం రోజులుగా హైమవతి ఈ సంగతి ఎలా చెప్పాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో, ఏడిస్తే ఏమనాలో అంతా సిద్ధం చేసుకుని ఉంది. అందులో ఈ ప్రశ్నకు జవాబు లేదు.

"నీకెప్పుడు తెలిసింది?" అని మాత్రం అడగగలిగింది.

"మూఢం వెళ్ళి చాలా రోజులైంది. నాకు క్యాలెండర్ చూడ్డం వచ్చు మేడమ్," అంది మృదుల. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. "ఆ తర్వాత వాళ్ళ ఊళ్ళో నా ఫ్రెండే చెప్పింది. అమ్మకి కూడా తెలుసు. నాకు తెలియకూడదని వాయిదా అంటోంది. నాకు తెలుసని తెలిస్తే నా ముందు కూర్చుని ఏడవాలి కదా. గుండెకి మందులు వాడుతోంది. అందుకని నేనూ వాయిదానే అంటున్నాను. ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం అదే చెప్పుకుంటున్నాం. ఈ గోళ్ళు తీసేస్తే వీడియో కాల్లో చూసి ఎందుకు తీశావని అడుగుతుంది. ఏం చెప్పాలో తెలీక ఉంచుకున్నాను. పొద్దున దుప్పట్లో ఇరుక్కునేసరికి, ఇంక ఓపిక లేకపోయింది."

హైమవతి రేకు విప్పుదామని చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఈసారి గడియారం చూడలేదు.

చివరికి విప్పినప్పుడు పైగోరు తడిసిన అట్టలా మెత్తబడి, పుల్ల తగలగానే జారి వచ్చేసింది. ఒకటి రెండు మొరాయిస్తే మళ్ళీ చుట్టి ఊరుకుంది. అన్నీ వచ్చాక కింద మృదుల సొంత గోళ్ళు బయటపడ్డాయి. పల్చగా, కళ లేకుండా ఉన్నాయి గానీ ఎక్కడా చీలలేదు. సబ్బుతో కడుక్కొచ్చిన చేతులకి వేదవతమ్మగారు గిన్నెలో కొబ్బరినూనె తెచ్చి ఒక్కో వేలికీ మర్దనా చేశారు. "కొన్నాళ్ళు వీటికి ఏ రంగూ వెయ్యకు," అంది హైమవతి. "బొటనవేలు రేపు ఆసుపత్రిలోనే డాక్టరుకి చూపించు, దాచిపెట్టకు."

మృదుల తలూపి, ఫోను తీసుకుని లోపలికి వెళ్ళింది. వాళ్ళమ్మతో మాట్లాడుతున్న గొంతు వరండాలోకి వినబడుతూనే ఉంది. "రేపు పొద్దున బస్సుకి వైజాగ్ వెళ్తున్నానమ్మా. చేరడానికే. తీసేశాను. అవును. తెలుసమ్మా, నాకు తెలుసు. నువ్వు ముందు మందు వేసుకున్నావా?" ఆ తర్వాత చాలాసేపు అవతలి మనిషే మాట్లాడుతున్నట్టుంది. ఈ పిల్ల వింటోంది.

హైమవతి కరిగిపోయిన గోళ్ళ ముక్కల్నీ రేకునీ ఒక కాగితంలో చుట్టింది. దూది ముక్కలు విడిగా బయట ఆరబెట్టింది. అంతా సర్దాక గురువుగారి ఎదురుగా వచ్చి కూర్చుంది. కోపం తెచ్చుకుందామని చూసింది గానీ అది పూర్తిగా రాలేదు.

"దానికి తెలుసని మీకు ముందే తెలుసా?"

"లేదు," అన్నారు వేదవతమ్మగారు.

"మరి నేను పొద్దున అడిగినదానికి మీరు ఇంకా జవాబు చెప్పలేదు."

వేదవతమ్మగారు ఆమె రెండు చేతులూ అందుకుని వెలుతురులోకి తిప్పి చూశారు. అసిటోన్‌లో నానిన వేళ్ళ కొసలు సున్నం పూసినట్టు తెల్లగా పాలిపోయి, గీతలు పడి ఉన్నాయి. ఆమె నూనెగిన్నె ఇటు జరిపారు.

"నువ్వూ రాసుకో హైమా. కరిగించే మందు ఎవరికి పెట్టినా, పెట్టిన చెయ్యి కూడా ఎండిపోతుంది."