చెలమ దగ్గర నక్క పెట్టిన పరీక్ష

ఆ ఏడు ఎండలకు అడవిలో వాగు ఎండిపోయింది. బూడిదమ్మ అనే గాడిద నాలుగు రోజులు గిట్టలు అరిగేలా ఇసుక తవ్వి చెలమ తీసింది. ఊరిన కాసిని నీళ్లే అడవంతా సర్దుకుని తాగుతోంది. తవ్వేటప్పుడు తొంగి కూడా చూడని నక్క మంత్రి, నీళ్లు పడగానే ఊడిపడింది.

వచ్చీ రాగానే ఓ పరీక్ష పెట్టింది. ఇటు ఒడ్డున ఉన్నవాళ్లతో, "రోజూ ముందు నేను తాగాకే మీరు తాగాలి. ఇష్టమైనవాళ్లు కొండెక్కి రాజుగారికి చెప్పండి" అంది. ఒక్కరూ వెళ్లలేదు. అటు ఒడ్డున అదే సంగతి చెప్పి, "ఇష్టం లేనివాళ్లు కొండెక్కి చెప్పండి" అంది. అక్కడా ఒక్కరూ కదల్లేదు. ఆ ఎండలో పిల్లల్ని వదిలేసి కొండెవరు ఎక్కుతారు?

నక్క కొండెక్కి, రాజైన సింహానికి అటు ఒడ్డు సంగతే చెప్పింది. ఇటు ఒడ్డు ఊసే ఎత్తలేదు.

"కాదన్నవాడు ఒక్కడూ లేడు ప్రభూ! రానివాళ్లంతా ఒప్పుకున్నట్టేనని చట్టం చేసేయండి."

సింహం సరేనంది.

మర్నాడు నక్క తాగి, ఒళ్లు కడుక్కుని పోయేసరికి చెలమలో బురదే మిగిలింది. తన పిల్ల ఆ బురద నాకడం చూసిన బూడిదమ్మ, పరుగున పోయి నక్కకు అడ్డం నిలబడింది.

"తవ్వింది నేను! సరేనని నీతో ఎప్పుడన్నానురా దొంగ సచ్చినోడా?"

"వద్దనీ అనలేదుగా అక్కా" అంటూ నక్క తోక ఊపుకుంటూ పోయింది.

అటు ఒడ్డు కుందేలు వచ్చి జరిగింది చెప్పాక బూడిదమ్మకు మొత్తం అర్థమైంది. పిల్లను కుందేలుకు అప్పగించి, రొప్పుతూ కొండెక్కింది.

"ప్రభూ, ఆ చట్టం నక్కకూ వర్తిస్తుందా?"

"అందరికీ వర్తిస్తుంది."

దిగొచ్చి నక్క చెవిలో పడేలా అరిచింది. "రేపట్నించి చెలమ పూడిక నక్క ఒక్కటే తీయాలి. అందరూ తాగాకే తను తాగాలి. ఇష్టం లేకపోతే సాయంత్రంలోగా కొండెక్కి చెప్పాలి!"

నక్క పకపకా నవ్వింది. "సాయంత్రానికి ఇంకా బోలెడు పొద్దుంది. ఇంత ఎండలో ఇప్పుడెందుకు?" అని పొద చాటున నడుం వాల్చింది. లేచేసరికి పొద్దు గుంకింది. పరుగున కొండెక్కింది.

"నిద్ర పట్టేసింది ప్రభూ! నేను ఒప్పుకోలేదు!"

"మేమూ ఒప్పుకోలేదు" అంది అక్కడే కాచుకున్న బూడిదమ్మ. "మాకు పిల్లలు అడ్డం, నీకు నిద్ర అడ్డం. నీ పరీక్షలో మా ఒడ్డున ఎంతమంది ఇష్టమన్నారో రాజుగారికి చెప్పవేం?"

"ఒక్కరూ అనలేదు ప్రభూ" అని నక్క గొణిగింది. సింహం కళ్లెర్రజేసింది.

"ఆ చట్టం కొట్టేయండి ప్రభూ" అని నక్కే కాళ్ల మీద పడింది.

"కొట్టేస్తాను. ముందు నువ్వు బురద చేసిన చెలమ బాగుచెయ్యి."

మర్నాడు నక్క పూడిక తీస్తుంటే, బూడిదమ్మ పిల్ల ఒడ్డున నిలబడి తేటనీళ్ల కోసం ఎదురుచూసింది.

నీతి: ఎదుటివాళ్లు కదల్లేరని చట్టం చేసేవాడు, ముందు తానెంత కదలగలడో చూసుకోవాలి.