చచ్చిన కొంగ పెళ్ళికొచ్చింది

...అదే చెప్తున్నానర్రా, పొద్దున కథ అడిగితే ఇప్పటికి కుదిరింది, ఏమీ అనుకోకండి. గ్యాస్ అబ్బాయి వచ్చాడు, అతను వెళ్ళాక పిండి రుబ్బుడు. నిహాల్, చెల్లిని కూడా దగ్గర కూర్చోబెట్టుకో. ఒక్క వాయిస్ మెసేజ్‌లోనే చెప్పేస్తా.

అనగనగా ఒక అడవిలో ఒక ఏదుపంది ఉండేదంట. ఒళ్ళంతా ముళ్ళు కదా, అందరూ ముళ్ళక్కా అని పిలిచేవాళ్ళు. ఒక ముల్లు ఊడితే చాలు, దాంతో మోదుగాకుల మీద కథ గీకుతూ కూర్చునేది. చిన్న కథ కాదు, పెద్ద నవల. ఒక కొంగ, దాని కూతురు, ఆ కూతురి పెళ్ళి.

ఆ అడవిలో ఒక పద్ధతుంది. వానలు మొదలవగానే జంతువులన్నీ కొండగుహలో చేరతాయి. అక్కడ ఎవరో ఒకరు కథ చెప్పాలి. ఏటేటా కప్పే చెప్పేది. ఏం చెప్తుంది? మొదలూ బెకబెకే, చివరా బెకబెకే. విసుగొచ్చి ఏనుగు తాత అన్నాడు, "ముళ్ళక్కా, ఈ ఏడు నువ్వు చెప్పమ్మా. వాన పడేలోగా అవ్వకపోతే మాత్రం మళ్ళీ కప్పే!"

ముళ్ళక్క ఎన్నేళ్ళ నుంచో ఎదురుచూస్తున్న మాట అది.

దానికి ముగ్గురు స్నేహితులు. ఉడుత, తాబేలు, తొండ. వాళ్ళూ కథలు రాసేవాళ్ళే. రోజూ ఒకచోట చేరి, ఒకరిది ఒకరు విని తప్పొప్పులు చెప్పుకునేవాళ్ళు.

ముళ్ళక్క మొదటి భాగం చదివింది.

"కథ కదలట్లేదక్కా," అంది ఉడుత. "ఆ కొంగని చంపెయ్. అప్పుడు చూడు ఎలా పరిగెడుతుందో!"

ముళ్ళక్క ఇంటికెళ్ళి కొంగని చంపేసింది. మర్నాడు అది విని ఉడుత వెక్కి వెక్కి ఏడ్చింది.

తాబేలేమో, "అంత తొందరేంటమ్మా? తల్లిని బతకనీ. కూతురి పెళ్ళి చూడనీ," అంది.

సరేనని కొంగని బతికించింది.

"మళ్ళీ చప్పబడిపోయింది," అంది ఉడుత.

మళ్ళీ చంపింది. పోనీ తొండని అడుగుదామంటే, చంపినా తలూపింది, బతికించినా తలూపింది. తొండ సంగతి మీకు తెలుసుగా!

ఇది చాలదన్నట్టు వాళ్ళ కథలొకటి. మన కథ వినిపించాక వాళ్ళది వినాలిగా మరి. తాబేలు కథలో తాబేలు వాగు దాటేసరికి ఎండాకాలం సగం అయిపోయింది. ముళ్ళక్క నవల మొదటి భాగం దాటలేదు.

ఒకరోజు పడమట నల్లమబ్బు కనిపించింది. అమ్మో, వాన వచ్చేస్తోందని ముళ్ళక్క బొరియకి రాయి అడ్డం పెట్టేసి కూర్చుంది. ఉడుత వచ్చి తలుపు తట్టినట్టు ఆ రాయిని తట్టింది.

"అక్కా, నా కథ చివర్లో చిక్కుపడింది. ఒక్కసారి వినవూ?"

"నీ కథా వద్దు, నీ సలహా వద్దు, పో!"

ఉడుత తోక దించుకుని వెళ్ళిపోయింది.

ముళ్ళక్క రాసింది, రాసింది. కూతురి పెళ్ళయింది, కథ పూర్తయింది. ఆకులు చుట్టుకుని బయటికొచ్చేసరికి తుంపర మొదలైంది. అందరూ గుహలోకి పోతున్నారు. నేరుగా వెళ్ళి చెప్పేయొచ్చు. కానీ ఈ చివరి భాగం ఇంతవరకూ ఒక్కరూ వినలేదు. అదొక్కటే లోపల గుచ్చుతోంది. గుహ గుమ్మంలో ముగ్గురూ కనిపించారు.

ముళ్ళక్క ముళ్ళన్నీ దించుకుని వెళ్ళి, "ఉడుతమ్మా, ఆ రోజు పొమ్మన్నాను, నాదే తప్పు. ఇది ఒక్కసారి వింటారా?" అంది.

విన్నారు. పెళ్ళి భోజనాల దగ్గరికి వచ్చింది కథ. కొంగ అందరికీ చేపలు వడ్డిస్తోంది.

ఉడుత ఎగిరిపడింది. "అక్కా! కొంగ చచ్చిపోయింది కదే! నేను ఏడ్చాను కూడా! చచ్చినావిడ చేపలు వడ్డించడమేంటి?"

ముళ్ళక్క గబగబా ఆకులు వెనక్కి తిరగేసింది. చంపీ బతికించీ, బతికించీ చంపీ, ఆఖరికి ఏది ఉంచిందో తనే మర్చిపోయింది!

"అయితే మొదట్లో బతికించెయ్," అంది తాబేలు.

"వద్దొద్దు, చివర్లో తీసెయ్!" అంది ఉడుత.

తొండ తలూపింది.

ముళ్ళక్క ముగ్గుర్నీ చూసి నవ్వింది. "తప్పు చూపించారు, అది చాలు. దిద్దేది నేను." ముల్లు తీసి ఒక్క ఆకు మార్చి రాసింది.

గుహలో కథ చెప్పింది. ఆ కథలో, పెళ్ళి పంక్తిలో అందరికీ విస్తళ్ళు వేశారు. పెళ్ళికూతురు ఒక విస్తరి అదనంగా వేయించింది. అందులో తనే చేప వడ్డించింది. ఆ విస్తరి ముందు ఎవరూ కూర్చోలేదు.

కొంగ బతకాలన్న తాబేలు తల డిప్పలోకి లాక్కుంది. కప్ప బెక అనలేదు. తొండ తల కూడా ఊగలేదు.

అందరూ లేచాక ముళ్ళక్క వెళ్ళి ఉడుత పక్కన చతికిలబడింది. "ఊఁ, ఇప్పుడు చెప్పు. నీ కథలో చిక్కేంటి?"

నీతి: రాసేటప్పుడు రాయాలి, వినేటప్పుడు వినాలి. తప్పు పక్కవాళ్ళ కంటికి కనిపిస్తుంది, దిద్దాల్సింది మాత్రం మన చెయ్యే. అర్థమైందా? ఇంకో మాట, ఆ ఉడుత... ఆఁ? వస్తున్నానండీ! పాలు పొంగుతున్నాయా? స్టవ్ కట్టెయ్యండి, కట్టె...